ఎర్రమంజిల్ మూలల్లో

హైదరాబాద్‌లో పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ వెళ్లే రోడ్డు పక్కన, గుట్ట మీద ఎర్రమంజిల్ అనే పాత భవనం ఉంది. కింద మెట్రో స్టేషన్‌కూ అదే పేరు పెట్టడంతో ఆ మాట రోజూ అందరి చెవిన పడుతుంది. పైకెక్కి ఆగి చూసేవాళ్లు మాత్రం అరుదు. చూడబోయేవాళ్లకు నా సలహా ఒక్కటే: ముందు భవనం ముఖం చూడొద్దు, మూలలు చూడండి. కప్పు కింద గోడ పొడవునా సాగే సున్నపు కార్నిస్ రెండు గోడలు కలిసేచోట ఎలా మలుపు తిరిగిందో చూడండి. మేస్త్రి ఎంతటివాడో తెలిసేది అక్కడే.

ఈ సంగతి నాకు చెప్పింది మా బాబాయి. కాకినాడ వైపు చాలాకాలం తాపీపని చేసి మానేశాడు. ఇప్పుడు ఇద్దరం క్యారవాన్ వేసుకుని ఊళ్లు తిరుగుతున్నాం. వంటా, పడకా బండిలోనే. సారథి స్టూడియోస్ ఉన్న అమీర్‌పేటకు సినిమావాళ్ల క్యారవాన్లు కొత్త కాదు గానీ, ఆ సందుల్లోకి మా బండిని తేవడం మాత్రం అయ్యే పని కాదు. ఊరి అంచున నిలిపేసి, మియాపూర్‌లో మెట్రో ఎక్కి, కాళ్లను నమ్ముకుని బయల్దేరాం.

అమీర్‌పేట స్టేషన్‌లో దిగగానే బాబాయి తల పైకెత్తి నిలబడిపోయాడు. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం దారులు రెండూ ఇక్కడ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. 2017 నవంబర్ 28న మొదలైన తొలి 30 కిలోమీటర్ల మెట్రోకు ఇదే మధ్య కూడలి. పట్టాలు మోసే వంతెనను ముక్కలుగా యార్డుల్లో పోతపోసి, రాత్రిళ్లు ట్రక్కుల మీద తెచ్చి, స్తంభాల నడుమ ఒక్కో ముక్కనూ వేలాడదీసి, జిగురు పూసి, లోపలి ఉక్కు తీగలను లాగి బిగించారు. ట్రాఫిక్ ఆపకుండా అమీర్‌పేట లాంటి చోట పని చేయాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదేమో. కింద నిలబడి చూస్తే ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, అంతే. ‘ఒరేయ్, ఇందులో తప్పు జరిగితే ఇక్కడ దిద్దడానికి వీల్లేదు. యార్డులోనే అంతా అయిపోవాలి,’ అన్నాడు బాబాయి. నిజమే. 2007 సెప్టెంబరులో పంజాగుట్ట ఫ్లైఓవర్ కడుతుండగానే కొంతభాగం కూలి మనుషులు పోయిన సంగతి ఈ దారిలో నడిచేవాళ్లకు ఇంకా గుర్తే. మెట్రో పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ అది తయారై వచ్చిన పని. గుట్ట మీద ఉన్నది అక్కడికక్కడ చేత్తో దిద్దిన పని. ఆ తేడా చూడటానికే మా నడక.

మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎప్పట్లాగే కిటికీలను మింగేశాయి. వాటిని దాటుకుని నడిచాం. బేగంపేట వైపు తిరిగితే పైగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా తలపెట్టగా 1906లో పూర్తయిన స్పానిష్ మసీదు ఉంది. గుర్రపునాడా ఆకారపు కమానులు, మినార్ల బదులు కోసుగా లేచిన శిఖరాలు. దానికో పూట కావాలి. ఎండ ఎక్కకముందే గుట్ట చేరాలని ఆ మలుపు వదిలేశాం.

ఎర్రమంజిల్‌ను 19వ శతాబ్దం చివరి కాలంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించాడు. అంతకుముందు ఆయన ఉన్న అసద్ బాగ్‌లోనే ఇప్పుడు నిజాం కాలేజీ నడుస్తోంది. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రాతో పందెం వేసి, దానికంటే ఎత్తున ఉండాలని ఈ గుట్ట ఎంచుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. పందెం మాటెలా ఉన్నా ఖర్చు మాత్రం పందెం కట్టినట్టే ఉంది: 150కి పైగా గదులు, 16వ లూయీ కాలపు ఫర్నిచర్, పోలో మైదానం, తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం. తర్వాతి రోజుల్లో సర్కారు కాగితాలూ ఇంజినీరింగ్ శాఖల ఆఫీసులూ ఇక్కడికొచ్చాయి. పక్కనే జలసౌధ. రాష్ట్రంలో ప్రాజెక్టులు, రోడ్లు కట్టే ఇంజినీర్లు ఏళ్ల తరబడి ఈ స్తంభాల నీడనే వచ్చిపోయారన్నమాట.

దీన్ని యూరప్ బరోక్ పద్ధతి అంటారు. స్తంభాలు, గుండ్రటి కమానులు, ఆకుల అల్లికలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అయితే యూరప్‌లో ఇలాంటివి చాలాచోట్ల మెత్తని రాతిలో చెక్కారు. మన హైదరాబాద్ రాయి గ్రానైట్. దిమ్మెకు, గోడకు దాన్ని మించింది లేదు గానీ పువ్వు చెక్కుదామంటే ఉలే అరిగిపోతుంది. అందుకే ఈ నేల మీద అలంకారమంతా సున్నం చేతిలో పడింది. 1591నాటి చార్మినార్ మీదున్న నగిషీ సున్నపు పనే, గోల్కొండ సమాధుల మీదదీ అదే. నవాబుగారు నమూనా యూరప్ నుంచి తీసుకున్నా, దాన్ని గోడ మీదికెక్కించిన విద్య కుతుబ్‌షాహీల నాటి నుంచి ఇక్కడ నలిగిందే.

ఆ విద్య మొదలయ్యేది బట్టీలో. సున్నపురాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్లు పోయగానే బుసబుసలాడుతూ ఉడికి విరిగిపోతుంది. దాన్ని రోజుల తరబడి నీళ్లలో మాగబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి తొట్టిలో రాతి చక్రం కింద ఎద్దులతో తిప్పించి రుబ్బితే డంగుసున్నం. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం పాకం కూడా పోసేవారు. పాళ్లు ఏ మేస్త్రివి ఆ మేస్త్రివే, పక్కవాడికి చెప్పేవాళ్లు కాదు. నగిషీకి వాడే పైపూత సున్నం వేళ్ల మధ్య నలిపితే వెన్నలా జారాలి. గోడ మీద పెట్టాక, బట్టీలో పోగొట్టుకున్న వాయువునే గాలి నుంచి తిరిగి తీసుకుంటూ పైపొర నుంచి లోపలికి మెల్లగా రాయిగా మారుతుంది. దానికి నెలలు పడతాయి, మందమైతే ఏళ్లు. సిమెంటు కొన్ని గంటల్లోనే బిగుసుకుంటుంది. సున్నం అలా కాదు. దిద్దడానికి మనిషికి వ్యవధి ఇస్తుంది.

ఇక కార్నిస్. ముందు ఇటుకలనే వరస వరసకీ కొంచెం ముందుకు జరిపి, గరుకుగా ఆ ఆకారం తెస్తారు. తగరపు రేకును కావలసిన వంపుల్లో కత్తిరించి చెక్కకు బిగిస్తారు. గోడకు చెక్కపట్టీ కొట్టి, పచ్చి సున్నం మీదుగా ఆ పట్టీ వెంట రేకును లాగుతారు. లాగినకొద్దీ ఎక్కువైంది రాలిపోతుంది, తక్కువైనచోట మళ్లీ పెడతారు. ఇలా పొరమీద పొర. పొడవాటి గోడకు ఇది సాధన ఉన్నవాళ్లెవరైనా చేయగలరు. చిక్కంతా లోపలి మూలలో వస్తుంది. రేకు బిగించిన చెక్క ఎదుటి గోడకు తగిలి ముందే ఆగిపోతుంది. మిగిలిన ఆ జానెడు జాగాలో అచ్చు పనిచేయదు. రెండు వైపుల నుంచి వచ్చిన గీతలన్నీ, బోలు వంపు బోలు వంపుతో, గుబ్బ వంపు గుబ్బ వంపుతో, సరిగ్గా ఒకే వాలు గీత మీద కలిసేలా మేస్త్రి చిన్న తాపీతో, పదునైన చెక్కబద్దతో కంటిచూపు మీద తేల్చుకోవాలి. ఒక్క గీత తప్పినా కింద నిలబడ్డవాడికి తెలిసిపోతుంది.

మేం బయటి నుంచే చూశాం. పెచ్చులూడినచోట ఇటుక బయటపడింది. పగుళ్లలో రావి మొలకలున్నాయి. అంత పాడుపడ్డా, మిగిలిన ఒక మూల దగ్గర బాబాయి చాలాసేపు కదల్లేదు. ‘ఇటు పక్క గీతలన్నీ ఏకంగా ఉన్నాయి, అది రేకు లాగిన పని. ఆ కొసన చూడు, పల్చటి గట్టు ఒకటి పిసరంత లావైంది. అక్కడ రేకు లేదు, వేలు ఉంది,’ అన్నాడు. నేను ముందు గుర్తుపట్టలేదు. ఎండ పక్కవాటుగా పడ్డాక నీడల్లో తేడా తెలిసింది. ఆ పిసరు లావును నేను లోపం అనను. గీతలను కలపడానికి ఆ మనిషి తీసుకున్న నిర్ణయం అది.

2019 జూన్‌లో ఈ జాగాలో కొత్త శాసనసభ భవనానికి శంకుస్థాపన జరిగింది. ఎర్రమంజిల్‌ను కూల్చాలన్నది ఆలోచన. నగరంలో చాలామంది కోర్టుకెళ్లారు. సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం పాడైపోయింది కదా అన్న మాట అప్పుడు బాగా వినిపించింది. సున్నపు పని పాడవడం కొత్తేం కాదు. అదే ఏడాది మే నెలలో చార్మినార్ మినారు నుంచి నగిషీ పెచ్చు ఊడిపడింది. మళ్లీ సున్నంతోనే బాగుచేశారు. పాడైనచోట పాడైనంత మేరకే తీసి, అదే పదార్థంతో మళ్లీ పెట్టుకోవచ్చన్నదే ఈ పనిలోని గొప్ప వీలు. కాంక్రీటుకు ఆ వీలు తక్కువ.

గుట్ట దిగి ఖైరతాబాద్ దాకా నడిచాం. అక్కడి పాత మసీదు 1626 నాటిది. కుతుబ్‌షాహీ రాకుమారి ఖైరున్నీసా తన గురువు కోసం కట్టించిందంటారు. ఎత్తయిన అరుగు, ముఖానికి మూడు కమానులు, రెండు సన్నటి మినార్లు. మినార్ల మీద జాలీ పని, కమానుల చుట్టూ నగిషీ. ఎర్రమంజిల్ కంటే రెండున్నర శతాబ్దాలు పెద్దది. ఇప్పటికీ నమాజు జరుగుతోంది, కాబట్టి ఏటా ఎవరో ఒకరు చేయి వేస్తూనే ఉంటారు. ఎర్రమంజిల్‌లో పరదేశీ అనుకున్న ఆకుల అల్లికకు మూలం యూరప్‌లో కాకుండా ఈ మినార్ల మీద కనిపించింది. రెండింటిలోనూ ఆకు అంచును ఒకే తీరున, తాపీని ఏటవాలుగా పట్టి ఒక్క కోతలో తెంపారు. ఇది నా ఊహే కావచ్చు. బాబాయి మాత్రం సందేహించలేదు.

ఎర్రమంజిల్‌ను బాగుచేయాలంటే ఏం కావాలని తిరుగు రైల్లో అడిగాను. ముందు మొలకలు వేళ్లతో సహా తీసి, వాన నీళ్లు లోపలికి దిగే దారులు మూయాలన్నాడు. పాత కట్టడాల మీద జనం పూసే సిమెంటు అతుకులు ఎక్కడున్నా ఊడబీకాలి. సిమెంటు కింద తేమ చిక్కుకుని, పక్కనున్న మంచి సున్నాన్ని కూడా ఊడగొడుతుంది. ఆ తర్వాత సున్నం రుబ్బే గానుగ గుట్ట మీదే పెట్టాలి. దూరం నుంచి తెస్తే పాళ్లు చూసేవాడు ఒకడు, పూసేవాడు ఇంకొకడు అవుతాడట. కూలి రేటు ఎంతవుతుందో కూడా లెక్కకట్టాడు. మూలలకు మాత్రం రోజుకూలి కుదరదు, ఒక్కో మూలకు ఇంత అని మాట్లాడుకోవాలి అన్నాడు.