ఏకగ్రీవముగా ఆమోదించిరి

గురజాడ అప్పారావుగారు 1914వ సంవత్సరమున చెన్నపురి విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రమును మనవారు భాషావివాదమునకు సంబంధించిన గ్రంథముగానే చదువుదురు. గ్రాంథికము గొప్పదా, వాడుకభాష గొప్పదా యను తగవు తీరి చాల యేండ్లయినది. కావున ఆ పత్రమును బీరువాలో భద్రపఱచి నమస్కరించినచో మన విధి తీరినదని తలంచుచున్నాము. నేనును అట్లే తలంచితిని. ఈ సంవత్సరము జరిగిన ఒక చిన్న సంగతి వలన దానిని మరల తెఱచి చూడవలసి వచ్చినది. ఆ సంగతి పిదప చెప్పెదను. ఈసారి చదువగా నాకందు భాషావివాదముకంటె వేఱొకటి ప్రధానముగా కనబడినది. పిల్లలు ఏమి చదువవలెనో, ఎట్లు వ్రాయవలెనో నిర్ణయించు పెద్దలు ఆ నిర్ణయమును ఏ తీరున చేయుదురు? ఆ సభలో కూర్చుండి ఒప్పుకొనలేని వాని కర్తవ్యమేమి? ఆ పత్రము ఈ ప్రశ్నలకే సమాధానముగా నాకు తోచినది.

ఇంతటి గ్రాంథికపు మడతలు పెట్టుచు వాడుకభాషావాదిని మెచ్చుకొనుట విడ్డూరమని చదువరులు నవ్వవచ్చును. ఈ పత్రిక మర్యాద యది. నా చేతికి అలవాటైనదియు నదే. అప్పారావుగారే యున్నచో అందఱికంటె ముందు నవ్వెడివారు.

కథ కొంత తెలిసినదే. 1904వ సంవత్సరపు విశ్వవిద్యాలయముల చట్టము వెనుక చెన్నపురిలో పరీక్షావిధులు మాఱినవి. ఇంటర్మీడియెట్ విద్యార్థి దేశభాషలో సొంతముగా వ్యాసము వ్రాయవలసి వచ్చినది. వ్రాయవలెననగానే ఏ తెలుగున వ్రాయవలెనను చిక్కు పుట్టినది. పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తిగారు, విశాఖపట్టణమున పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమున అప్పారావుగారు, వీరికి తోడు పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర ఒకవంక నిలిచిరి. జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయ శాస్త్రిగారు మొదలగు పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తును ఆలంబనముగా గొని, రెండవవంక నిలిచిరి. సభలు, ఖండనములు, ప్రతిఖండనములు, మహజరులు: ఆ కోలాహలమును వర్ణింప నిచట పని లేదు.

విశ్వవిద్యాలయము ఏమి చేసినది? సంస్థలు ఎప్పుడును చేయు పనియే చేసినది. ఒక ఉపసంఘమును వేసినది. ఆనాటి క్రమము మెట్లమెట్లుగా ఉండెడిది. అడుగున పాఠ్యవిషయములను విచారించు బోర్డు, దానిపై సిండికేటు, దానిపై సెనేటు, అన్నిటిపై ప్రభుత్వము. 1904 చట్టము ప్రకారము సెనేటు సభ్యులు నూరుగురికి మించరాదు. వారిలో అత్యధికులు ఎన్నికైనవారు గాక నియమింపబడినవారు. సెనేటు చేసిన నిబంధన ప్రభుత్వానుమతి లేనిదే చెల్లదు. పల్లెబడిలో బెత్తము పట్టి తెలుగు చెప్పు పంతులు ఈ నాలుగు మెట్లలో దేనిపైనను కనబడడు.

అంతకంటె గమనింపదగినది మఱొకటి యున్నది. మెట్లెక్కుకొలది ప్రశ్నయే మాఱిపోయినది. మొదట పుట్టిన ప్రశ్న విద్యకు సంబంధించినది: బాలుడు తాను తలంచిన దానిని తడబడక వ్రాయ నేర్చుట యెట్లు? ఉపసంఘము చేతికి వచ్చుసరికి అది పట్టికలకు సంబంధించిన ప్రశ్నయైనది: ఏయే రూపములు కాలము చెల్లినవి, ఏయే రూపములు వాడుకలో నుండి గ్రాహ్యములు? దస్త్రములతో బ్రదుకు వారికి పట్టిక యనగా ప్రాణము. పట్టికను ఓటునకు పెట్టవచ్చును, ప్రశ్నపత్రమునకు జతపఱుపవచ్చును, మార్కులు దిద్దువానికి పంపవచ్చును. బాలుని తడబాటును ఏ గడిలో వ్రాయుదురు?

అప్పారావుగారి పత్రమునందలి మేలు ఇచటనే యున్నది. ఆయన పట్టిక దగ్గర ఆగలేదు. ఏ భాషను నియమముగా విధింపదలచితిరో అది నిజముగా ఒక నియమమునకు లోబడినదేనా యని అడిగెను. కావ్యభాష యని మీరు పిలుచునది పలు శతాబ్దముల రూపముల కలగూర గాదా యనెను. చిన్నయసూరి నీతిచంద్రిక వచనమును ఆదర్శముగా పెట్టుకొనుట వలన వచనరచనకు కలిగిన కీడును చర్చించెను. శాసనములను, దేశభాషల చరిత్రను, పాశ్చాత్య భాషాశాస్త్రమును ప్రమాణములుగా తెచ్చెను. తన మాట నెగ్గునను ఆశతోనే వ్రాసెనని నేననుకొనను. సంఘమున తన పక్షము అల్పసంఖ్యాకమని ఆయన యెఱుగును. అయినను ఓడిపోవువాడు తాను ఓడిన కారణమును గాక, తాను ఒప్పుకొనని కారణమును దస్త్రములో నిలిపి పోవలెనని ఆయన నమ్మెను.

దోషములు లేవనను. పత్రము మిక్కిలి పొడవు. ప్రతిపక్షులపై విసరిన కొన్ని చురకలు వాదమునకు బలము గాక బరువైనవి. మఱియు తెలుగు ఎట్లుండవలెనను వివాదమంతయు ఆంగ్లమున నడచినది! అప్పారావుగారి అసమ్మతి ఆంగ్లము. గిడుగువారి విజ్ఞాపనము ఆంగ్లము. రామయ్య పంతులుగారి గ్రాంథికసమర్థనమును ఆంగ్లమే. ఎవనిచేత సంతకము చేయింపవలెనో వానికి తెలిసిన భాషలోనే మొఱపెట్టుకొనవలెను గదా. ఈ మాట ఇరుపక్షముల వారికిని సమానముగా చెల్లును.

గ్రాంథికపక్షము వారిని మూర్ఖులని తోసివేయుట ఇప్పుడు సులభమైనది. అది న్యాయము కాదు. గంజాములో ఒకతీరు, నెల్లూరులో ఒకతీరు, దత్తమండలమున ఇంకొకతీరు మాటాడు పిల్లల కాగితములను ఒకే పరీక్షకుడు ఏ కొలతతో దిద్దునని వారు అడిగిరి. అది దొడ్డ ప్రశ్న. ఏటేట కట్టలకొలది కాగితములు దిద్దు నాకు దాని బరువు తెలియును. రామయ్య పంతులుగారు తమ వాదమును పుస్తకముగా అచ్చువేసి పదిమంది ముందు పెట్టిరి. కారణము చెప్పి కాదనిరి. ఆ మర్యాద తక్కువది కాదు.

అప్పారావుగారి మాట నెగ్గలేదు. 1915 నవంబరు 30వ తేదీన ఆయన గతించెను. 1968లో తెలుగు అకాడమి వెలసి, కళాశాలల పాఠ్యగ్రంథములు వాడుకభాషలో వెలువడుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. ఆ నడుమ తమ ఇంటిమాటను తప్పుగా ఎంచి ఎఱ్ఱసిరాతో కొట్టివేయించుకొనిన పిల్లలను ఎవరు లెక్కింపగలరు?

నేటి సంగతికి వత్తము. స్వయంప్రతిపత్తి గల కళాశాలలలో పాఠ్యప్రణాళికను మార్చుటకు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఒక క్రమమును విధించినది. ఆ శాఖాధ్యాపకులు, బయటినుండి వచ్చిన విషయనిపుణులు, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు నియమించిన ఒకరు, పరిశ్రమల తరపున ఒకరు, పూర్వవిద్యార్థి యొకరు కలిసి బోర్డ్ ఆఫ్ స్టడీస్ అగుదురు. వారు సిద్ధపఱచినదానిని అకడమిక్ కౌన్సిల్ పరిశీలించి ఆమోదించును. కాగితముపై చూడ ఇది 1914 నాటి క్రమముకంటె ఎంతో ఉదారమైనది. కాని ఆ నిబంధనలలో ఒక వాక్యము నన్ను నిలువరించినది. బోర్డు పంపినదానిని కౌన్సిల్ త్రిప్పి పంపినను, త్రోసివేసినను, కారణములు చెప్పవలెనట. మంచిదే. మఱి ఆమోదించునప్పుడో? కారణము అక్కఱలేదు! కాదనువానిపై ఋజువు భారము, ఔననువానికి సెలవు. ఈ చిన్న యేర్పాటు చాలును, పది పాఠ్యప్రణాళికలు ఒక పూటలో గట్టెక్కుటకు.

మూడేండ్ల క్రిందట నేను చదివిన కళాశాలవారు నన్ను పూర్వవిద్యార్థి స్థానమున అట్టి బోర్డునకు పిలిచిరి. బడిపంతులకు అదియొక గౌరవము. ఇస్త్రీచొక్కా తొడుగుకొని పోతిని. ఆంగ్లశాఖ వారి ప్రణాళిక నలువది పుటలకు పైన ఉన్నది. ఉప్మా వచ్చుటకు ముందే సగము దాటినది. నడుమ ఒక మార్పు కనబడినది. విద్యార్థి తన మాటలలో ఒక లేఖనో వ్యాసమునో వ్రాయవలసిన ప్రశ్నను తీసివేసి, ఆ మార్కులను ఖాళీలు పూరించుటకును, నాలుగింటిలో ఒకటి గుర్తించుటకును పంచిరి. నేను లేచి, సొంతవాక్యము వ్రాయింపని భాషాపరీక్ష యేమి పరీక్ష యని అడిగితిని. అధ్యక్షులు సౌమ్యులు. "మాస్టారూ, మీరన్నది నిజమే. కాని దిద్దేవాళ్లు లేరు, ఫలితాలు ఇరవై రోజుల్లో ఇవ్వాలి. మీ అభిప్రాయం నోట్ చేసుకుంటాం," అనిరి. వారు చెప్పిన యిబ్బంది అబద్ధము కాదు. ఖాళీలుగా నున్న అధ్యాపకపదవులను నేనును ఎఱుగుదును.

సాయంకాలమునకు సమావేశవృత్తాంతము టైపై వచ్చినది. అందు నా ప్రశ్న లేదు. దిద్దువారు లేరను మాటయు లేదు. "సభ్యులందఱు కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించిరి" అని యున్నది. కలము అందించిరి. బస్సుకు వేళయైనది. నేను సంతకము చేసితిని.

దస్త్రములో అసమ్మతి నిలిచినంత మాత్రమున ఒరుగునదేమని అడుగవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయమున 2011లో జరిగినదానిని చూడుడు. పలువిధములైన రామాయణములను గూర్చి ఎ.కె. రామానుజన్ వ్రాసిన వ్యాసము అచట చరిత్రవిద్యార్థులకు పాఠ్యముగా నుండెడిది. దానిపై అలజడి రేగి న్యాయస్థానముల దాక పోగా, నలుగురు నిపుణులను అడిగిరి. ముగ్గురు ఉంచుమనిరి, ఒకరు ఆ వయస్సు విద్యార్థులకు కష్టమనిరి. అయినను అక్టోబరులో అకడమిక్ కౌన్సిల్ దానిని తొలగించినది. కొలదిమంది మాత్రము అసమ్మతి తెలిపిరి. వ్యాసము ఉండదగునా, ఉండదగదా యనుటలో మీరు ఏ పక్షమైనను కావచ్చును. నిపుణులు ఏమనిరో, ఎవరు ఒప్పుకొనలేదో దేశమునకు తెలిసినది గనుక దానిని గూర్చి నేడును తర్కింపగలుగుచున్నాము. నా కళాశాలలో తర్కించుటకు ఏమి మిగిలినది?

ఈ సంవత్సరము నా పాత శిష్యురాలొకతె ఆ కళాశాలలో పట్టము పుచ్చుకొని మా యింటికి వచ్చినది. ఆంగ్లమున నూటికి ఎనుబదికి పైగా మార్కులు. మిఠాయి పొట్లము నా భార్య చేతికిచ్చి, కొంతసేపు నసిగి, ఒక కాగితము తీసినది. "ఉద్యోగానికి అప్లికేషన్‌తో పాటు ఒక పేజీ మన గురించి మనమే రాయాలట మాస్టారూ. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీరు రాసిపెడతారా?" అన్నది. బడిలో నా వద్ద నున్నప్పుడు మంచి వాక్యము వ్రాసిన పిల్ల. నేను వ్రాసిపెట్టలేదు, ఇద్దఱము రెండు గంటలు కూర్చుండి ఆమె చేతనే వ్రాయించితిని.

ఆమె పోయిన పిదప ఆ రాత్రి అప్పారావుగారి పత్రమును దించి చదివితిని. మఱునాడు నేనును రెండు పుటల అసమ్మతి వ్రాసితిని: ఆనాటి ప్రశ్న, అధ్యక్షుల సమాధానము, నా సంతకము, నేడు దానిని ఏల ఉపసంహరించుకొనుచున్నానో, అన్నియు. ఆనాటి సమావేశవృత్తాంతమునకు దానిని జతపఱుపవలసినదని కోరి తపాలాలో పంపితిని. చేరినట్లు రసీదు వచ్చినది. జతపఱచిరో లేదో ఇంకను తెలియరాలేదు.