డబ్బా ఫోన్ పనితనం

ఎనిమిదేళ్ల పిల్లకు ఫోన్ కొనాల్సి వస్తే నాకు ఇప్పటికీ కొలమానం నోకియా 1100. 2003లో వచ్చి, ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్ అది. చవక కాబట్టి అంతలా పోయిందంటారు. చవకే, కాదనను. కానీ చేతిలోకి తీసుకుని నిదానంగా చూస్తే, ఎక్కడ ఖర్చు తగ్గించారో, ఎక్కడ తగ్గించడానికి ఒప్పుకోలేదో తెలిసిపోతుంది.

ముందు బటన్లు చూడండి. మామూలు ఫోన్లలో బటన్‌కీ బటన్‌కీ మధ్య సందుంటుంది. దుమ్మూ చెమటా ఆ సందుల్లోంచే లోపలికి దిగుతాయి. కొన్నాళ్లకు ఏడు నొక్కితే పలకదు, ఎనిమిది నొక్కితే రెండుసార్లు పడుతుంది. 1100కి బటన్లన్నీ కలిపి ఒకటే రబ్బరు పొర. అంకెలు ఉబ్బెత్తుగా పైకి లేస్తాయి గానీ పొర ఎక్కడా తెగదు. పక్కలకు కూడా జారకుండా గరుకు పట్టు ఇచ్చారు. పొలంలోనో, బట్టీ దగ్గరో, ఆటో నడుపుతూనో వాడే చేతుల్ని తలుచుకుని చేసిన పని ఇది. పప్పన్నం తింటూ మధ్యలో ఫోన్ ఎత్తే పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది తెర కింద ఉన్న పెద్ద బటన్. ఈ ఫోన్‌కి పచ్చ బటన్, ఎర్ర బటన్ అని విడిగా లేవు. ఉన్నది ఆ ఒక్కటే. అది ఇప్పుడు ఏం చేస్తుందో తెర అడుగున రాసి ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు మెనూ. పేరు ఎంచుకుంటే కాల్. ఫోన్ మోగితే ఎత్తడం, మాట్లాడుతుంటే పెట్టెయ్యడం. ఎడమవైపు ‘సి’ నొక్కితే వెనక్కి, కుడివైపుది పైకీ కిందికీ. చదవడం వచ్చిన పిల్లకు ఇంతకుమించి నేర్పేదేమీ లేదు. తప్పు నొక్కినా ‘సి’ ఉంది కదా, కొంపేం మునగదు. ఆ ‘సి’నే నొక్కి పట్టుకుంటే పైకొసన టార్చి వెలుగుతుంది. మన దగ్గర సగంమంది దీన్ని కొన్నది ఆ టార్చి కోసమేనంటే అతిశయోక్తి కాదేమో. కరెంటు పోయిన మెట్ల మీద తడుముకునే పని లేదు.

యాభై పేర్లకు మించి దాచుకోదు, తెర నలుపు తెలుపే, బరువు 86 గ్రాములు. ఇవన్నీ లోపాలుగా లెక్కపెట్టిన రోజులున్నాయి. మూడో తరగతి పిల్లకు యాభైమంది ఎవరుంటారు?

అసలు పిల్లల కోసమే చేసిన ఫోన్లూ వచ్చాయి. 2005లో అమెరికాలో ఫైర్‌ఫ్లై అనే ఫోన్ అమ్మారు. అంకెల బటన్లే లేవు. అమ్మకో బొమ్మ బటన్, నాన్నకో బొమ్మ బటన్, ఎవరెవరికి చెయ్యొచ్చో పెద్దవాళ్లు ముందే నింపిపెట్టాలి. ముచ్చటైన ఆలోచనే గానీ, నాకు నచ్చదు. దారిలో ఫోన్ పడిపోయి, పక్కన ఎవరిదో అడిగి తీసుకున్నప్పుడు ఆ పిల్లకు అమ్మ బొమ్మ దొరకదు, అమ్మ నంబరు కావాలి. పది అంకెలూ వేలితో నొక్కీ నొక్కీ నంబరు నోటికి రావాలి. పెద్దవాళ్ల కష్టం చూసి చేసిన 1100 పిల్లను నమ్ముతుంది. పిల్ల కోసమని చేసిన ఫైర్‌ఫ్లై నమ్మదు.

ఇప్పుడు 1100 వెతుక్కుంటూ పోనక్కర్లేదు. పాతది దొరికినా లావు పిన్ను ఛార్జర్ దొరకాలి, పైగా అది 2జీ. జియో సిమ్ వేస్తే పలకదు. ఆ వరసలోనే 2013లో 15 యూరోల ధరతో వచ్చిన నోకియా 105ది కూడా అదే బుద్ధి. దుమ్ము, నీటి చుక్కలు లోపలికి పోని బటన్ల పొర, టార్చి, రేడియో ఉన్నాయి. కెమెరా లేదు, ఇంటర్నెట్ లేదు. నిలకడగా పక్కన పెడితే ఛార్జింగ్ 35 రోజుల దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. ఆ 105 పేరుతోనే తర్వాత 4జీ రకమూ వచ్చింది కాబట్టి, కొనేటప్పుడు పెట్టె మీద ఏ జీ అన్నది చూసుకోవాలి. కీప్యాడ్ ఉన్నంత మాత్రాన అమాయకమైన ఫోన్ అనుకోవడానికీ లేదు. వీడియోలూ యూపీఐ చెల్లింపులూ ఉన్న బటన్ ఫోన్లు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. అలాంటిది కొంటే స్మార్ట్‌ఫోన్ వద్దనుకున్న ఫలితం దక్కదు.

షాపులో సిమ్ వేయించి, పిల్ల చేతికే ఇచ్చి చూడండి. అంకెలు చూసి నొక్కుతోందా, బొటనవేలు చివరి వరసదాకా అందుతోందా, అవతలివాళ్ల గొంతు రోడ్డు రొదలో వినిపిస్తోందా? రెండో అంకె నొక్కి పట్టుకుంటే అమ్మకు కాల్ వెళ్లేలా అక్కడే పెట్టించుకోండి. నంబరు మాత్రం ఇంటికెళ్లాక రోజుకోసారి అంకె అంకె నొక్కించండి.