చెమ్మ నేలలో తుపాకీ

తాడేపల్లిగూడెంలో బ్యాంకు గుమ్మం దగ్గరో, నగదు వ్యాను పక్కనో నిలబడ్డ గార్డు చేతిలో తరచుగా కనిపించేది పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీ. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు ఆ గొట్టానిది. కట్టుబడి సులువైనది, నమ్మకమైనది. కాకపోతే మన కొల్లేటి గాలి దానికి పడదు. చుట్టూ చేపల చెరువులు, ఉప్పుటేరు మీదుగా వచ్చే సముద్రపు చెమ్మ. పట్టించుకోకుండా ఒక్క వర్షాకాలం వదిలేస్తే చాలు, ఇనుము మీద ఎర్రటి మచ్చలు తేలతాయి.

తుపాకీ శుభ్రం చేసేవాడి మొదటి పని నూనె తీయడం కాదు. గొట్టాన్ని వంచి తెరిచి, తూటాలు లేవని కళ్లతో చూసి, వేలితో తడిమి, అవి ఉంటే తీసి వేరే గదిలో పెట్టాలి. ఖాళీదేనని ఎవరు చెప్పినా సరే, చేతిలోకి వచ్చిన ప్రతిసారీ ఇది చేయాల్సిందే. తర్వాత గొట్టాన్ని విడదీసి, తూటా పెట్టే వైపు నుంచి కడ్డీ దూర్చాలి. ముందు ఇత్తడి బ్రష్షు, ఆపైన ఫ్లానెల్ గుడ్డ. గుడ్డ నల్లగా వస్తున్నంతసేపూ మార్చి మార్చి లాగాలి. చివర్న తుపాకీ నూనె పలచగా, తడి మెరుపు మాత్రం కనిపించేలా పూయాలి. ఎక్కువైతే అది కారి చెక్కలోకి ఇంకి, దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే పూశాక కాసేపు గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెడతారు. ఇంట్లో ఉన్న వంటనూనె రాస్తే కొన్నాళ్లకు జిడ్డు గట్టి, లోపలి కదిలే భాగాలు పట్టేస్తాయి. తోలు సంచిలో దాచడం చూడ్డానికి బాగుంటుంది గానీ, తోలు చెమ్మ పీల్చి ఇనుముకే అంటిస్తుంది.

ఇంత శ్రద్ధ వేట కోసమా? కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది. లైసెన్సు ఉన్నా, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి రాతపూర్వక అనుమతి లేనిదే ఆయుధంతో లోపలికి అడుగు పెట్టకూడదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్నదీ అదే చట్టం. కొల్లేటి ఆటపాకలో పెలికాన్లు గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయంటే ఈ కట్టడి వల్ల కూడానని నా నమ్మకం. ఇక్కడ తుపాకీ ఇంటి కాపలాకూ, బ్యాంకు గుమ్మానికీ పరిమితమవడమే మేలు.

కాగితాల సంరక్షణ కూడా ఇందులో భాగమే. 2022లో జిల్లాలు విడిపోయాక ఏలూరు, కైకలూరు వాళ్లు ఏలూరులోనూ, తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరంలోనూ లైసెన్సు పని చూసుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు ఐదేళ్లయింది. ఒకరి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండింటికి తగ్గింది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు. తండ్రి పోతే ఆయన తుపాకీ కొడుక్కి దానంతటది రాదు. తన పేర లైసెన్సు వచ్చేదాకా స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి ఉంచాలి.

ఎన్నికలప్పుడు పోలీసులు అడిగితే స్టేషన్లో జమ చేసే తుపాకీదీ ఇదే కథ. వారాల తరబడి అది అక్కడే ఉంటుంది. ఇచ్చే ముందు రోజే శుభ్రం చేసి, నూనె పూసి, రసీదు మీద నంబరు సరిచూసుకోవాలి. తిరిగి తెచ్చుకున్న రోజు మళ్లీ తెరిచి, గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూడాలి.