జేబు మీద దారాలు

ముప్పయ్యేళ్ల కిందట, జిల్లా డెస్కులో పనిచేస్తున్న రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకు మండల విలేకరి ఫోన్ చేశాడు. మిరప కోతకు వెళ్లొస్తున్న కూలీల ట్రాక్టర్ కాలువలో తిరగబడి నలుగురు ఆడవాళ్లు పోయారు. పేర్లు, వయసులు, ఎస్సై చెప్పిన వివరాలు చదివి వినిపించాడు. పేజీ వదలడానికి గంట కూడా లేదు. నేనే కూర్చుని రాశాను. ‘మిన్నంటిన రోదనలు’ అని శీర్షిక. ట్రాక్టర్ రూపంలో మృత్యువు కబళించిందని మొదలుపెట్టి, గ్రామంలో విషాద ఛాయలు అలుముకున్నాయని ముగించాను. వార్త బాగా వచ్చిందని మర్నాడు మెచ్చుకున్నారు కూడా.

రెండు రోజుల తర్వాత అదే విలేకరి వేరే పని మీద ఫోన్ చేసి, మాటల మధ్యలో అన్నాడు: “ఆస్పత్రిలో చొక్కాలను బట్టే గుర్తుపట్టారు సార్.”

మిరపకాయలు కోసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. ఎండ, కాయల ఘాటు ఒంటికి తగలకుండా. పోయినవాళ్లలో ఒకామె వేసుకున్నది పదో తరగతి చదివే కొడుకు బడి చొక్కా. జేబు మీద బ్యాడ్జి ఊడదీసిన చోట దారాలు ఇంకా ఉన్నాయట. అవి చూసి ఆ పిల్లాడే చెప్పాడట, మా అమ్మేనని.

నేను రాసిన వార్త తీసి మళ్లీ చదివాను. పేర్లూ ఊరూ మారిస్తే ఏ ప్రమాదానికైనా సరిపోతుంది. అక్కడ నువ్వేం చూశావని విలేకరిని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. అడగలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

కన్నీరుమున్నీరు, జనసంద్రం, తిరిగిరాని లోకాలు. మొదట వాడినవాళ్లు ఏదో చూసే వాడి ఉంటారు. మనం మాత్రం చూడాల్సిన పని తప్పించుకోవడానికి వాడుతున్నాం. మే నెల రాగానే ‘భానుడి భగభగలు’ అని పెట్టేస్తాం. ఉపాధి పనికి తెల్లారకముందే పలుగూ పారా పట్టుకుని బయల్దేరిన మనిషి వెంట నాలుగడుగులు నడిస్తే, ఆ ఎండ ఎలాంటిదో పాఠకుడికి భానుడి పేరెత్తకుండానే తెలుస్తుంది.

1963 నవంబరులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ అంత్యక్రియలకు విలేకరులంతా వాషింగ్టన్‌లో గుమిగూడితే, జిమ్మీ బ్రెస్లిన్ అనే విలేకరి మాత్రం ఆర్లింగ్టన్ శ్మశానంలో గొయ్యి తవ్విన మనిషి దగ్గరకు వెళ్లాడు. ఆదివారం పూట పనికి పిలిపించారతన్ని. కూలి గంటకు 3.01 డాలర్లు. సోమవారం ఖననం జరుగుతున్నప్పుడు అతను అదే శ్మశానంలో మరోచోట వేరేవాళ్ల కోసం గోతులు తవ్వుతున్నాడు. ఆ ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’ వ్యాసంలో నన్ను పట్టి నిలిపేది ఆ కూలి లెక్కే. అడిగితే తప్ప తెలియని సంగతి అది.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. వివరం ఉంటే వార్త పండుతుందని తెలిశాక, లేనిది కల్పించాలనిపిస్తుంది. చూడని చీరకు రంగు వేస్తారు, ఏడవని తల్లిని ఏడిపిస్తారు. దానికంటే పాత మాటలే నయం, అవి కనీసం అబద్ధం చెప్పవు. నిజమైన వివరమైనా, ఇంటివాళ్లు దాచుకోవాలనుకున్నది మనం బయటపెట్టకూడదు. బడి చొక్కా సంగతైనా ఆ పిల్లాణ్ని అడిగే వేసేవాణ్ని.

అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మీద బతికే విలేకరికి ఇంత తీరిక ఎక్కడిదని అంటారు. నిజమే. అందుకే అడగాల్సిన బాధ్యత ముందు డెస్కుది.

మొన్న అకాల వర్షాల మీద ఒక కుర్ర విలేకరి ‘అన్నదాత కన్నీటి గాథ’ అని పంపాడు. ఫోన్ చేసి, కొనుగోలు కేంద్రంలో ఏం చూశావని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పాడు. కుప్ప అడుగున వడ్లు తెల్లగా మొలకెత్తాయట. పైన కప్పిన టార్పాలిన్ పట్టాలు అద్దెకు తెచ్చినవట. కాంటా ఎప్పుడవుతుందో తెలియదు, అద్దె మాత్రం రోజూ కట్టాలి.

“ఎన్ని రోజులైంది?” అన్నాను.

“అడగలేదు సార్. ఇప్పుడే వెళ్లి కనుక్కొస్తా” అన్నాడు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు ఫోన్‌లోనే వినిపించింది.