యాత్ర – ప్రేరణ: గోగాన్ తహితి చిత్రం

యాత్ర కళాకారుడికి ప్రేరణ ఇస్తుందని తరచుగా చదువుతుంటాం. ఈ అభిప్రాయాన్ని యథాతథంగా అంగీకరించే ముందు ఒక చిత్రాన్ని పరిశీలిద్దాం.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్ 1891లో పసిఫిక్ మహాసముద్రంలోని తహితి ద్వీపానికి చేరుకొన్నాడు. ఐరోపా నాగరికత సోకని జీవితాన్ని చూడాలన్నది ఆయన ఆశ. కాని తహితి 1880లోనే ఫ్రెంచి వలసగా మారింది. అంతకు ముందే అక్కడ క్రైస్తవం వేళ్లూనుకొంది. ముఖ్యపట్టణం పపీతే ఆయనను నిరాశపరచింది.

ఆ ఏడాదే చిత్రించిన ‘ఇయా ఒరానా మరియా’లో మేరీమాత తహితి స్త్రీ. పూల అద్దకం ఉన్న ఎర్రని బట్ట కట్టుకొని, బిడ్డను భుజాన ఎత్తుకొని నిలబడింది. ముందు అరటిపండ్లున్నాయి. ఇవన్నీ ద్వీపం ఇచ్చినవి. చేతులు జోడించిన ఇద్దరు స్త్రీల భంగిమలు మాత్రం జావాలోని బోరోబుదూర్ బౌద్ధ శిల్పాల నుంచి వచ్చాయి. ఆ శిల్పాల ఛాయాచిత్రాలను గోగాన్ తన వెంట తీసుకువెళ్లాడు. ఆ నమస్కారం మీకు పరిచితంగా తోస్తే అందుకు కారణం ఇదే.

కాబట్టి ప్రేరణ చూసిన దృశ్యంలోనే లేదు, వెంట తెచ్చుకొన్న సంస్కారంలోనూ ఉంది. ఈ రెండింటి కలయికే చిత్రానికి బలం. దాని పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. చిత్రంలో మేరీ ఉంది గాని, ఆమెను అక్కడికి తెచ్చిన మిషనరీలు, పాలకులు లేరు. ఇది తెలియకపోతే గోగాన్ ఊహనే తహితి వాస్తవమని భ్రమపడతాం.

మీరు ఏ యాత్రాసాహిత్యం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. రచయిత ఏమి చూశాడు? ఏమి వెంట తెచ్చుకొన్నాడు? ఏమి వదిలేశాడు? మూడో ప్రశ్నకు సమాధానం రచనలో దొరకదు. దానిని ఆ ప్రాంతపు చరిత్రలో వెదకాలి.