ఒకే ఘాటీకి రెండు పటాలు

నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కేవాళ్ళకి ఇవాళ పటమంటే ఫోనులోని గూగుల్ మ్యాప్సే. సర్వే ఆఫ్ ఇండియా వేసిన 1:50,000 టోపోషీటు కూడా ఉందని భూగోళం చదివినవాళ్ళకీ, కొన్ని సర్కారు శాఖలకీ తప్ప పెద్దగా తెలీదు. రెండింటినీ పక్కపక్కన పెడితే దారి చూపడంలో ఫోనుదే పైచేయి. నేలను చెప్పడంలో మాత్రం అది టోపోషీటు ముందు చేతులు కట్టుకోవాల్సిందే.

టోపోషీటుకి ఒక నంబరుంటుంది. నర్సీపట్నానిది 65 కె/10. దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్ళు చేస్తే 16–20 అక్షాంశాలకీ 80–84 రేఖాంశాలకీ మధ్య పడేది 65వ గడి. అందులో డిగ్రీకొకటి చొప్పున ‘ఏ’ నుంచి ‘పి’ దాకా పదహారు ముక్కలు. వాటిలో ‘కె’ని మళ్ళీ పదహారు చేస్తే పదోది మనది, అటూ ఇటూ 15 నిమిషాలు. ఊరి అక్షాంశ రేఖాంశాలు చేతిలో ఉంటే ఈ నంబరుని ఎనిమిదో తరగతి పిల్లవాడైనా కట్టగలడు. ఫోను కూడా 17.67, 82.61 అని చూపిస్తుంది కానీ, ఆ అంకెలతో మనకి పని పెట్టదు.

ఈ షీటుకి పడమటి అంచు 82°30′ రేఖాంశం. అంటే 1906లో మన గడియారాలకి ఆధారంగా కుదిరిన ప్రామాణిక రేఖాంశమే. పాఠ్యపుస్తకాల్లో ఈ రేఖ పక్కన కాకినాడ పేరు చదువుతాం. నిజానికి కాకినాడ దానికి పాతిక కిలోమీటర్లకు పైగా పడమరన ఉంది. నర్సీపట్నం పన్నెండు కిలోమీటర్ల తూర్పున ఉంది. ఇక్కడి సగటు సౌరకాలానికీ మన గడియారానికీ తేడా అర నిమిషం లోపే. ఫోను పటంలో అసలు ఆ గీతే ఉండదు. ఒక తిరకాసు మాత్రం చెప్పాలి: పాత షీట్లు భూమి ఆకారానికి ఎవరెస్టు లెక్కని వాడాయి, ఫోను వాడేది డబ్ల్యూజీఎస్ 84. అందువల్ల ఒకే రేఖాంశం ఈ రెండింట్లోనూ నేలమీద వందల అడుగుల తేడాతో పడుతుంది. అక్షాంశ రేఖాంశాలు దేవుడు గీసినవి కావని, మనుషులు కుదుర్చుకున్న లెక్కలని తెలిసేది ఇలాంటి చోటే.

అసలు తేడా కొండ దగ్గర బయటపడుతుంది. నర్సీపట్నం సముద్రమట్టానికి అరవై మీటర్ల దరిదాపుల్లో ఉంది, లంబసింగి వెయ్యి దరిదాపుల్లో. టోపోషీటులో ప్రతి 20 మీటర్ల ఎత్తుకీ ఒక గోధుమరంగు కాంటూరు గీత. మైదానంలో ఎడంగా, బద్ధకంగా సాగే గీతలు ఘాటీ మొదలయ్యేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పైకి చేరేలోపు దాటేవి నలభైకి పైనే. రోడ్డు ఎందుకన్ని మెలికలు తిరిగిందో, ఏ గెడ్డ ఎటు జారుతుందో, ఏ పాయ తాండవలో కలుస్తుందో, ఏది వరాహ వైపు పోతుందో ఆ గీతల్లోనే చదువుకోవచ్చు. కిలోమీటరు ఎత్తుకి ఆరు డిగ్రీల పైచిలుకు వేడి తగ్గుతుందన్న పాఠం గుర్తుంటే, చలికాలం జనం తెల్లారకుండా అక్కడికి ఎందుకు పరిగెడతారో కూడా అర్థమవుతుంది. ఫోనులోనూ టెర్రైన్ అనే పొర ఉంది, కాంటూర్లు కూడా వస్తాయి. ఎంతమంది తెరుస్తారు? నీలిగీత పట్టుకుపోయేవాడికి కొండ కూడా ఒక మలుపే.

అలాగని టోపోషీటుని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. లంబసింగి, చింతపల్లి 65 కె/5లో పడతాయి. మూలగా ఉన్న రెండు షీట్లూ సరిగ్గా ఘాటీ దరిదాపుల్లో అంటుకుంటాయి కాబట్టి మధ్యలో మరో షీటు కూడా కావాలి. ఫోనుకి ఆ అంచుల బాధ లేదు. పాత షీటులో ఇదంతా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి కిందిది అనకాపల్లి, పైది అల్లూరి సీతారామరాజు జిల్లా. పైగా షీటులో ‘మీరిక్కడున్నారు’ అనే చుక్క లేదు. ఆ చుక్కకి సిగ్నల్ అక్కర్లేదు, ఉపగ్రహాలు చాలు. కానీ పటం ముందే దించుకోకపోతే మన్యంలో చుక్క ఒక్కటే మిగిలి చుట్టూ తెల్లకాగితం కనిపిస్తుంది.

రెండింటికీ అందనిదీ ఒకటుంది. 1920ల మొదట్లో చింతపల్లి వైపు రోడ్డు పనుల్లో బాస్టియన్ అనే గూడెం అధికారి గిరిజనుల చేత చేయించిన వెట్టి, 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్‌స్టేషన్ మీద దాడికి దారితీసిన కారణాల్లో ఒకటి. పటం మీద రోడ్డు రోడ్డుగానే ఉంటుంది.

2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా తన కొత్త వరుస షీట్లని ఉచితంగా దించుకోనిస్తోంది. అంటే టోపోషీటు కూడా ఫోనులోకే వచ్చింది. అక్కడ స్కేలు పాఠం మళ్ళీ మొదలు. అసలు సైజులో రెండు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు, షీటు పొడవు సుమారు 55 సెంటీమీటర్లు. వేళ్ళతో సాగదీసినా, జెరాక్స్ షాపులో ఏ3 కాగితానికి కుదించినా 1:50,000 అన్న అంకె అబద్ధమైపోతుంది. కింద గీసిన స్కేలు గీత మాత్రం పటంతోపాటే సాగుతుంది, పటంతోపాటే ముడుచుకుంటుంది. దూరం కొలవాల్సింది ఆ గీతతోనే.