‘రన్’ : పారుట, ఆడుట, నడచుట

ఆంగ్లభాషలో మిక్కిలి చిన్న పదములే నిఘంటుకారులను మిక్కిలి శ్రమపెట్టినవి. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువున ‘టేక్’ అను క్రియకు నూటముప్పదికి పైగా వివరణలు కలవు. 1989 నాటి ఆక్స్‌ఫర్డు నిఘంటువు రెండవ కూర్పున 430 అర్థములతో ‘సెట్’ అను క్రియ అగ్రస్థానమున నిలిచినది. తరువాతి సంస్కరణమున ఆ స్థానమును ‘రన్’ ఆక్రమించినది. దానికి తేలిన అర్థములు 645. ఆ యొక్క క్రియను సవరించుటకు పీటర్ గిల్లివర్ అను సంపాదకునకు సుమారు తొమ్మిది మాసములు పట్టినదట.

ఈ సంఖ్యలను చూచి ఆంగ్లము సంపన్నమనియు తెలుగు నిరుపేదయనియు తలచువారు కలరు. సంపదను లెక్కించు పద్ధతి అది కాదు. ఆంగ్లేయుని నదికి, ముక్కునకు, మిల్లునకు, నాటకమునకు, దుకాణమునకు ‘రన్’ ఒక్కటే చాలును. మన నది పారును, ముక్కు కారును, మిల్లు ఆడును, నాటకమును ఆడును, దుకాణము నడచును, ఉతికిన బట్ట రంగు దిగును, పుకారు ప్రాకును, దారి పోవును. ఎన్నికలలో అమెరికావాడు పరుగెత్తగా, ఇంగ్లండువాడు నిలుచును, మనవాడును నిలుచును. ఒక్క క్రికెట్టులో మాత్రమే పరుగు పరుగుగానే మనకు సంక్రమించినది.

అయినను ‘రన్’ పుట్టుకలోనే రెండు ముఖములు కలవు. దాని ప్రాచీనరూపమునకు ద్రవము ప్రవహించుట, ప్రాణి పరుగెత్తుట రెండును అర్థములే. జర్మనుభాష ఆ రెండింటిని ‘రిన్నెన్’, ‘రెన్నెన్’ అని విడదీసికొన్నది. ఆంగ్లము కలిపియే యుంచినది. తెలుగునందును అట్టి ధాతువొకటి కలదని మన యనువాదకులు తరచుగా మరచుచుందురు. ఏరు పారును, దొంగయు పారిపోవును. కావ్యభాషలో ‘పాఱుట’ యనగా పరుగెత్తుటయే. పంపకము వేరైనను ఇంటిపేరు ఒక్కటే.

ఈ విషయము పుస్తకములలో కంటె బిష్టుపూరువంటి చోట స్పష్టముగా తెలియును. 1919లో జంషెడ్‌పూరని పేరు పొందిన ఆ ఉక్కుపట్టణమునకు శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల నుండి తెలుగువారు పనికై తరలిపోయిరి. బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామమందిరము నేటికిని వారి కూడలి. అచటి కర్మాగారమున మొదటి ఇనుము 1911 డిసెంబరు 2వ తేదీన దిగినది. కొలిమి అడుగున రంధ్రము తెరచినంతనే ద్రవలోహము వెలికురికి పోవు కాలువను కార్మికులు ‘రన్నర్’ అందురు. దానిని ‘పరుగుగాడు’ అని అనువదించిన నవ్వులపాలగుదుము. ‘పారుకాలువ’ యన్నచో శ్రీకాకుళపు రైతునకు వెంటనే బోధపడును. అయితే కొలిమి ముందర నిలిచినవాడు ‘రన్నరు’ అనినంత మాత్రమున తెలుగునకు నష్టము లేదు. అది వస్తువు పేరు; వస్తువుతోపాటు వచ్చినది.

నష్టము క్రియలో కలదు. అచటి తెలుగుబాలుని నిత్యవ్యవహారమంతయు హిందీలో. హిందీలో ‘చల్నా’ అను క్రియ ‘రన్’ కంటె తక్కువ శ్రమజీవి కాదు. పంఖా చలే, ఫిల్ము చలే, గోలీ చలే, నోటు చలే, ఎట్లో పనియు చలే. ఇంటికి వచ్చి ఆ బాలుడు ఫ్యాను ‘నడుస్తోంది’ అనును, సినిమా ‘నడుస్తోంది’ అనును. ‘నడచు’ తెలుగు ధాతువే గనుక తల్లిదండ్రులకు దోషము కనబడదు. ఫ్యాను తిరుగును, సినిమా ఆడును, గుండు పేలును, నోటు చెల్లును అను భేదము అట్లే కనుమరుగగుచున్నది. (‘చెల్లు’, ‘చల్’ అను వాని ధ్వనిసామ్యమును చూచి మోసపోరాదు. మనది ద్రావిడధాతువు, తమిళమున వెళ్ళుట యను అర్థమున ‘చెల్’ కలదు.) హైదరాబాదు పిల్లలు ‘రన్ చేయు’, ‘రన్ అగు’ అనుచు ఇదే ఫలమును వేరొక మార్గమున పొందుచున్నారు. పరభాషాపదము బయటివాడని మనమెరుగుదుము. మన పదమే పరభాష కొలతకు సాగినప్పుడు గుర్తింప జాలము. ఈ రెండవదే నాకు ఎక్కువ భయము గొల్పుచున్నది.

అనువాదకునకు ఇందు సాహిత్యసమస్య యొకటి కలదు. ఆంగ్లరచయిత ఒక పుటలో ‘రన్’ను నాలుగుమారులు వాడినాడనుకొందము. నాలుగు చోటుల నాలుగు తెలుగుక్రియలు వేయుట సాధారణముగా న్యాయమే. పునరుక్తి భాషదే గాని రచయితది కాదు. కాని గట్టు తెగి నీరు పోవుటను, ఆ రాత్రియే ఊరు విడిచి మనుష్యుడు పోవుటను అతడు బుద్ధిపూర్వకముగా ఒక్క క్రియతో ముడిపెట్టినచో, ‘నీరు ప్రవహించెను, అతడు పరుగెత్తెను’ అను అనువాదము తప్పు లేనిదై యుండియు ప్రాణము లేనిదగును. అచట ‘నీరు పారెను, అతడు పారిపోయెను’ అనవలెను. ముడి నిలుచును, తెలుగును చెడదు. ఏది భాష యలవాటు, ఏది రచయిత సంకల్పము అను వివేచనమే అనువాదకుని విద్య. దానిని పర్యాయపదముల పట్టిక నేర్పజాలదు.

మన ఆంగ్లాంధ్ర నిఘంటువులు చాలవరకు ఆ పట్టికలే. ‘రన్’ క్రింద పరుగెత్తు, ప్రవహించు, నడుపు అని కుప్పపోసి, ఏది ఎచ్చటిదో పాఠకుని ఊహకు వదలివేయుదురు. క్రియలను గాక కర్తలను వరుస పెట్టవలెనని నా యభిప్రాయము. నది, ముక్కు, మిల్లు, గడియారము, నాటకము, దుకాణము, రంగు, పుకారు, కరగిన ఇనుము — ఒక్కొక్కదాని యెదుట దాని క్రియ. అట్టి పుట యొకటి రెండు వందల కర్తలతో సిద్ధమైనచో, అనువాదకునకంటె ముందు అది బిష్టుపూరులోని తెలుగు ఇండ్లకు చేరవలెను.